యూరప్‌లో ఆడా మగా సమానమేనా? ముందు ఎవరు నోరు విప్పాలో చూసుకోండి

అడిగిన ప్రశ్న: "మాది విజయవాడ. నేనూ మా ఆయనా హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తున్నాం. ఆయనకి మ్యూనిక్‌లో, నాకు స్టాక్‌హోమ్‌లో ఆఫర్లు వచ్చాయి. ఎటు వెళ్ళినా ఇద్దరం కలిసే వెళ్తాం. రెండేళ్ళలో బిడ్డని కనాలనుకుంటున్నాం. ఆడా మగా సమానం అనే చట్టం యూరప్ అంతటా ఒకటేనా, దేశానికో రకమా? బిడ్డ పుట్టాక నా ఉద్యోగం, జీతం ఎక్కడ నిలబడతాయి? మా ఆయన సెలవు పెడితే ఆఫీసులో ఇబ్బంది పెడతారా?"

ముందు మొదటి ప్రశ్నకి జవాబు చెబుతాను. పనిచేసే చోటు వరకు చూస్తే యూరోపియన్ యూనియన్‌లోని 27 దేశాలకీ ఒక కనీస మట్టం ఉంది. అంతకంటే తక్కువ ఏ దేశమూ ఇవ్వకూడదు, ఎక్కువ ఇవ్వచ్చు. పెళ్ళి, విడాకులు, ఆదాయపు పన్ను, గర్భస్రావం లాంటివి చాలావరకు ఆ మట్టంలోకి రావు. వాటి సంగతి ఏ దేశానిది ఆ దేశానిదే. స్విట్జర్లాండ్, నార్వే, ఐస్‌లాండ్ యూనియన్‌లో లేవు. బ్రిటన్ 2020లో బయటికి వెళ్ళిపోయింది.

నేను 2006లో స్వీడన్ వచ్చాను. మూడున్నరేళ్ళ తర్వాత జర్మనీకి మారాం. మా పెద్దమ్మాయి స్వీడన్‌లో పుట్టింది, చిన్నవాడు జర్మనీలో. తొమ్మిదేళ్ళుగా మా కంపెనీలో ఉద్యోగుల కౌన్సిల్ సభ్యురాలిని. జర్మన్‌లో దీన్ని బెట్రీబ్స్‌రాట్ అంటారు. ఉద్యోగులు ఓట్లేసి ఎన్నుకుంటారు, జీతాల పట్టికలు చూసే అధికారం చట్టమే ఇస్తుంది. ఆ పట్టికలు చూసీ చూసీ, మా తలుపు తట్టిన వాళ్ళ గోడు వినీ వినీ నాకు ఒక సంగతి అర్థమైంది. 'సమానం' అన్న మాట ప్రతి దేశం చట్టంలోనూ ఉంది. అది మీ దాకా రావాలంటే ముందు నోరు విప్పాల్సింది ఎవరన్న దగ్గరే దేశానికీ దేశానికీ తేడా వస్తుంది. కొన్నిచోట్ల మీరే వెళ్ళి అడగాలి, నిరూపించాలి, కోర్టు మెట్లెక్కాలి. కొన్నిచోట్ల మీరు అడగకపోయినా యజమాని లెక్క చూపించి తీరాలి. మీ రెండు ఆఫర్లనీ ఈ ప్రశ్నతోనే పక్కపక్కన పెట్టి చూడండి.

ఇక్కడివాళ్ళు మొదటినుంచీ ఇలాగే ఉన్నారని అనుకోకండి. ఇప్పటి యూనియన్‌కి పునాది వేసిన 1957 రోమ్ ఒప్పందంలో 119వ అధికరణంగా 'సమానమైన పనికి సమాన వేతనం' అని రాశారు. రాయించింది ప్రధానంగా ఫ్రాన్స్. తమ దేశంలో ఆ నియమం అప్పటికే ఉంది. పక్క దేశాలు ఆడవాళ్ళకి తక్కువ కూలి ఇచ్చి సరుకు చవగ్గా అమ్మితే తమ మిల్లులు నష్టపోతాయని వాళ్ళ భయం. అంటే ఈ నియమం వ్యాపారం లెక్కల్లోంచి పుట్టింది. ఆ తర్వాత చాలా ఏళ్ళు కాగితం మీదే ఉండిపోయింది. దాన్ని ఆడవాళ్ళ హక్కుగా మార్చింది బెల్జియంలోని కార్మిక స్త్రీలు.

1966 ఫిబ్రవరిలో బెల్జియంలోని హెర్స్టాల్ అనే ఊళ్ళో ఎఫ్ఎన్ ఆయుధాల ఫ్యాక్టరీలో సుమారు 3,000 మంది ఆడవాళ్ళు మిషన్లు ఆపేశారు. 12 వారాలు సమ్మె చేశారు. 119వ అధికరణం ఊరికే ఉండిపోయిందే, అమలు చేయండి అన్నారు. ఇదంతా చూస్తున్న ఎలియాన్ వోగెల్-పోల్స్కీ అనే న్యాయవాది, ఈ అధికరణాన్ని మామూలు ఉద్యోగి కూడా కోర్టులో వాడుకోవచ్చని నమ్మింది. ఆమెకి దొరికిన కేసు గాబ్రియెల్ డెఫ్రెన్‌ది. డెఫ్రెన్ బెల్జియం విమాన సంస్థ సబేనాలో ఎయిర్‌హోస్టెస్. 40 ఏళ్ళు నిండగానే ఉద్యోగం పోయింది, ఎందుకంటే ఆడవాళ్ళ కాంట్రాక్టులో అలా రాసి ఉంది. అదే పని చేసే మగ స్టీవార్డులకి ఆ నిబంధన లేదు, పైగా జీతం ఎక్కువ. ఆమె అడిగిన తేడా 12,716 బెల్జియన్ ఫ్రాంకులు. కింది కోర్టులో ఓడింది. చివరికి 1976 ఏప్రిల్ 8న లక్సెంబర్గ్‌లోని యూరోపియన్ కోర్టు, 119వ అధికరణాన్ని ఏ ఉద్యోగి అయినా తన దేశపు కోర్టులో నేరుగా చూపించి హక్కు అడగవచ్చని తీర్పు ఇచ్చింది. ఈ రోజు యూరప్‌లో జీతం గురించి మీరు అడగగలిగే ప్రతి ప్రశ్నకీ పునాది అదే. మరో వైపు చూడండి. ఆమె ఉద్యోగం పోయింది 1968లో, తీర్పు వచ్చింది 1976లో. పింఛను కేసులో ఓడిపోయింది, 40 ఏళ్ళకే ఇంటికి పంపడం మీద వేసిన కేసూ 1978లో ఓడిపోయింది. ఒక్క మనిషి ముందు నోరు విప్పితేనే న్యాయం జరిగే పద్ధతిలో ఆ మనిషి మీద పడే బరువు ఇంత.

ఆ బరువు నేనూ కొంత మోశాను. చిన్నవాడు కడుపులో ఉన్నప్పుడు టీమ్ లీడ్ పోస్టుకి అప్పటి ఆఫీసులో అంతర్గతంగా దరఖాస్తు పెట్టాను. 'ఇప్పుడు కుటుంబం మీద దృష్టి పెట్టడం మీకే మంచిది' అని మేనేజర్ నోటితో చెప్పాడు, కుదరదని ఈమెయిల్ వచ్చింది. నేను బాధపడ్డాను, టెన్షన్ పడ్డాను, ప్రసవం అయ్యాక చూద్దాం అనుకున్నాను. మూడో నెలలో న్యాయవాది దగ్గరికి వెళ్తే ఆమె మొదట అడిగింది తిరస్కరణ తేదీ. జర్మనీలో వివక్షకు పరిహారం అడగాలంటే 2006 నాటి సమాన అవకాశాల చట్టం ప్రకారం రెండు నెలల్లోగా రాతపూర్వకంగా అడగాలి. నాకు గడువు దాటిపోయింది. చట్టం నా పక్షానే ఉంది, నేనే అడగాల్సిన రోజుల్లో అడగలేదు. తర్వాత కౌన్సిల్ ఎన్నికల్లో నిలబడటానికి కారణం ఆ రెండు నెలలే. మీరు జర్మనీ వస్తే ఈ గడువు గుర్తుపెట్టుకోండి. ఏ తిరస్కరణ వచ్చినా దాని తేదీ, ఎవరేమన్నారో అదే రోజు రాసి పెట్టుకోండి.

ఇంకో సంగతి. ఇంటర్వ్యూలో గర్భవతివా, పిల్లల్ని ఎప్పుడు కంటావు అని అడగకూడదు. అడిగినా నిజం చెప్పాల్సిన పని లేదు. గర్భం కారణంగా ఉద్యోగం ఇవ్వకపోవడం నేరుగా ఆడవాళ్ళ మీద వివక్షేనని 1990లో నెదర్లాండ్స్ నుంచి వచ్చిన డెక్కర్ కేసులో యూరోపియన్ కోర్టు తేల్చింది. మగవాళ్ళెవరూ పోటీలో లేకపోయినా సరే అది వివక్షే అంది. 2001లో డెన్మార్క్ కేసులో ఇంకో అడుగు వేసి, తాత్కాలిక కాంట్రాక్టులకి కూడా ఇదే వర్తిస్తుందని చెప్పింది. మన అమ్మాయిలు చాలామంది మర్యాదకి పోయి ఇంటర్వ్యూలోనే అంతా చెప్పేస్తారు. దయచేసి చెప్పకండి.

నోరు విప్పే బాధ్యతని యజమాని మీదకి మార్చిన దేశం ఐస్‌లాండ్. అక్కడ సమాన వేతన చట్టం 1961 నుంచే ఉంది. 1975 అక్టోబర్ 24న ఆ దేశపు ఆడవాళ్ళలో సుమారు 90 శాతం మంది ఆఫీసు పని, ఇంటి పని రెండూ మానేసి వీధుల్లోకి వచ్చారు. అంత జరిగినా జీతాల్లో తేడా పోలేదు. అందుకే 2018 జనవరి 1 నుంచి చట్టాన్నే తిప్పి రాశారు. 25 మందీ అంతకు మించీ ఉద్యోగులున్న ప్రతి సంస్థా తాను సమానంగా జీతమిస్తున్నానని ఒక ప్రమాణం ప్రకారం ఆడిట్ చేయించుకుని సర్టిఫికెట్ తెచ్చుకోవాలని అప్పుడు పెట్టారు. తేకపోతే రోజుకింత అని జరిమానా. ఉద్యోగిని ఫిర్యాదు చేయాల్సిన పనే లేదు.

జర్మనీ ఇంకా అడిగితేనే చెప్పే పద్ధతిలో ఉంది. 2017 నాటి వేతన పారదర్శకత చట్టం ప్రకారం 200 మందికి మించి ఉద్యోగులున్న చోట, మీలాంటి పని చేసే మగవాళ్ళ జీతాల మధ్యస్థం, అంటే వరసలో సరిగ్గా మధ్యనున్న జీతం, ఎంతో అడగవచ్చు. పోల్చే గుంపులో కనీసం ఆరుగురు ఉండాలి, లేకపోతే జవాబు రాదు. మా కంపెనీలో ఈ హక్కు వాడుకున్న వాళ్ళు బహుకొద్దిమంది. అడిగితే మేనేజర్ ఏమనుకుంటాడో అన్న భయమే కారణం, ఆ మాట వాళ్ళే నాతో చెప్పారు. అయితే 2023 ఫిబ్రవరి 16న జర్మనీ సమాఖ్య కార్మిక కోర్టు ఒక గొప్ప తీర్పు ఇచ్చింది. ఒకే పని, కాని మగ ఉద్యోగికి జీతం ఎక్కువ. అతను బాగా బేరమాడాడు, అందుకే ఇచ్చాం అని కంపెనీ వాదన. బేరమాడటం కారణంగా చెల్లదు, తేడా కట్టి తీరాలి అంది కోర్టు. జీతం దగ్గర గట్టిగా అడగలేని మనలాంటి వాళ్ళకి ఇది చాలా పెద్ద అండ.

ఇక మీకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చే మార్పు 2023లో యూనియన్ తెచ్చిన వేతన పారదర్శకత డైరెక్టివ్. దేశాలన్నీ దీన్ని తమ చట్టాల్లోకి తెచ్చుకోవడానికి 2026 జూన్ 7 గడువు. మీరు చేరబోయే దేశంలో ఆ చట్టం ఏ దశలో ఉందో కనుక్కోండి. దీని ప్రకారం ఇంటర్వ్యూకి ముందే జీతం ఎంత నుంచి ఎంత దాకానో చెప్పాలి. పాత జీతం ఎంత అని అడగనే కూడదు. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్ళకి ఈ ఒక్క ముక్క ఎంత విలువైనదో ఆలోచించండి. 'కరెంట్ సీటీసీ ఎంత' అనే ప్రశ్నతోనే మన రేటు తేలిపోతుంది. ఆడపిల్లకి మొదటి ఉద్యోగంలో తక్కువ ఇస్తే ఆ తక్కువ ప్రతి ఉద్యోగంలోకీ వెంట వస్తుంది, రూపాయల్లోంచి యూరోల్లోకి కూడా వస్తుంది. జీతాల గురించి తోటివాళ్ళతో మాట్లాడకూడదనే కాంట్రాక్టు షరతులూ ఈ డైరెక్టివ్ కింద చెల్లవు. 100 మంది, ఆపైన ఉద్యోగులున్న సంస్థలు దశలవారీగా తేడా లెక్కలు బయటపెట్టాలి. ఏ వర్గంలోనైనా తేడా 5 శాతానికి చేరి, దానికి తగిన కారణం చూపలేక, ఆరు నెలల్లో సరిదిద్దకపోతే ఉద్యోగుల ప్రతినిధులతో కూర్చుని జీతాలన్నీ మదింపు చేయాలి. నేను ఇన్నేళ్ళుగా కౌన్సిల్‌లో కూర్చుని ఎదురుచూసింది ఈ నియమం కోసమే.

దేశాల పోలిక కోసం జీతాల తేడా శాతాలు చూస్తారేమో, వాటితో జాగ్రత్త. 2022లో గంట జీతంలో ఆడా మగా తేడా యూనియన్ సగటు 12.7 శాతం. జర్మనీలో 17.7, ఎస్టోనియాలో 21.3, ఇటలీలో 4.3. లక్సెంబర్గ్‌లో అయితే ఆడవాళ్ళే ఒక పిసరు ముందున్నారు. ఇది చూసి ఇటలీ స్వర్గం అనుకుంటే పొరపాటు. ఇటలీలో ఉద్యోగం చేసే ఆడవాళ్ళే తక్కువ. తక్కువ చదువు, తక్కువ జీతం వచ్చే అవకాశమున్న వాళ్ళు చాలామంది అసలు పనిలోకే రారు, లెక్కలోకీ రారు. లెక్కలో మిగిలేది బాగా చదువుకుని మంచి జీతం తెచ్చుకునేవాళ్ళు. జర్మనీలో తేడా ఎక్కువ కనిపించడానికి పార్ట్‌టైమ్ పని ఒక పెద్ద కారణం. పార్ట్‌టైమ్ ఎందుకంటే పిల్లలు, దాని వెనక పన్ను. ఆ సంగతే ఇప్పుడు చెబుతాను, ఎందుకంటే మ్యూనిక్‌కి మీరు వస్తే మిమ్మల్ని నేరుగా తాకేది ఇదే.

పశ్చిమ జర్మనీ 1949 రాజ్యాంగంలో 'స్త్రీ పురుషులు సమాన హక్కులు గలవారు' అన్న వాక్యం ఉంది. రాజ్యాంగ మండలిలోని 65 మందిలో నలుగురే ఆడవాళ్ళు. వాళ్ళలో ఎలిజబెత్ సెల్బర్ట్ అనే న్యాయవాది, మండలి మొదట ఆ వాక్యాన్ని తోసిపుచ్చితే ఊరూరా ఆడవాళ్ళను కదిలించి ఉత్తరాలు రాయించి సాధించింది. అయినా అదే దేశంలో 1977 జూలై దాకా పెళ్ళైన ఆడమనిషి ఉద్యోగం 'వివాహ, కుటుంబ బాధ్యతలకు అడ్డు రానంత వరకే' అని సివిల్ కోడ్‌లో ఉండేది. ఆ కాలంలోనే, 1958లో, భార్యాభర్తల ఆదాయం కలిపి సగం చేసి పన్ను వేసే పద్ధతి వచ్చింది. సివిల్ కోడ్‌లోని మాట పోయింది, పన్ను పద్ధతి మాత్రం ఇప్పటికీ ఉంది. ఒకరు ఎక్కువ, ఇంకొకరు తక్కువ సంపాదిస్తే ఆ జంటకి లాభం. ఇద్దరూ సమానంగా సంపాదిస్తే లాభం సున్నా. స్వీడన్ 1971లోనే ఎవరి జీతానికి వాళ్ళకే పన్ను అని మార్చేసింది. స్వీడన్‌లో ఆడవాళ్ళు ఉద్యోగాల్లోకి అంతగా రావడానికి సెలవుల కంటే ముందు ఈ మార్పు కారణమని నా అభిప్రాయం.

జర్మనీలో నెలనెలా పన్ను పట్టుకోవడానికి తరగతులు ఉంటాయి, స్టాయర్‌క్లాస్సె అంటారు. పెళ్ళైన జంటకి ఇద్దరికీ 4వ తరగతి దానంతట అదే వస్తుంది. తర్వాత ఎవరో ఒక స్నేహితుడో, పన్ను సలహాదారో, 'మీ ఆయన జీతం ఎక్కువ కదా, ఆయన 3లోకి, మీరు 5లోకి వెళ్ళండి, నెలనెలా చేతికి ఎక్కువ వస్తుంది' అంటారు. నిజమే, ఇంటికి మొత్తంగా నెలకి ఎక్కువ వస్తుంది. కాని ఏడాది చివర పన్ను లెక్క సరిచూసుకున్నాక ఏ తరగతిలో ఉన్నా జంట కట్టే పన్ను ఒకటే. తేడా పడేది భార్య చేతికొచ్చే జీతంలో. 5వ తరగతిలో అది నెలకి వందల యూరోలు పడిపోతుంది. ప్రసూతి భత్యం, బిడ్డ పుట్టాక వచ్చే ఎల్టర్న్‌గెల్ట్, ఉద్యోగం పోతే వచ్చే భృతి, ఇవన్నీ లెక్కకట్టేది ఆ చేతికొచ్చే జీతం మీదే. నా దగ్గరికి వచ్చిన మన తెలుగు అమ్మాయిల్లో దీనివల్ల నష్టపోయినవాళ్ళు ఎంతమందో. అప్పుడు చెప్పేవాళ్ళు ఎవరూ లేరు, తెలిసేసరికి బిడ్డ పుట్టేసింది.

కాబట్టి మ్యూనిక్ అయితే ఇలా చేయండి. ఎల్టర్న్‌గెల్ట్‌కి ప్రసూతి సెలవు మొదలయ్యే నెలకి ముందున్న 12 నెలల జీతం చూస్తారు. ఆ నెలల్లో ఎక్కువ కాలం ఏ తరగతిలో ఉన్నారో దాన్నే లెక్కకి తీసుకుంటారు. ప్రసూతి సెలవు ప్రసవ తేదీకి ఆరు వారాల ముందు మొదలవుతుంది. అంటే దానికి కనీసం ఏడు నెలల ముందే మీరు 3వ తరగతిలోనో, కనీసం 4లోనో ఉండాలి. గర్భం తెలిశాక మార్చుకుందాం అనుకుంటే ఒక్కోసారి ఆలస్యమైపోతుంది. వచ్చిన రోజు నుంచీ 4, 4లోనే ఉండిపోండి, ఇదే నా సలహా. ఎల్టర్న్‌గెల్ట్ చేతికొచ్చే జీతంలో సుమారు 65 శాతం, కనీసం 300, గరిష్ఠం 1,800 యూరోలు. ఆ గరిష్ఠం 2007లో మొదలైనప్పటిదే, ఇన్నేళ్ళలో ఒక్క యూరో పెరగలేదు. మీలాంటి ఐటీ జీతానికి మ్యూనిక్ అద్దెలతో అది చాలదు, ముందే పొదుపు చేసుకోండి. ఒక్కరే తీసుకుంటే 12 నెలలు, రెండోవారు కనీసం రెండు నెలలు తీసుకుంటే ఇద్దరికీ కలిపి 14. 2025 ఏప్రిల్ నుంచి పుట్టిన పిల్లల విషయంలో జంట పన్ను ఆదాయం ఏడాదికి 1,75,000 యూరోలు దాటితే అసలు రాదు.

స్టాక్‌హోమ్ సంగతి వేరు. స్వీడన్ 1974లోనే తల్లి సెలవు అనేదాన్ని తీసేసి తల్లిదండ్రుల సెలవు చేసింది, ప్రపంచంలో మొదటి దేశం. కాని హక్కు ఇద్దరిదీ అయినా ఒక్క సంతకంతో భార్యకి రాసేయవచ్చు కాబట్టి తండ్రులు ఏళ్ళ తరబడి రాసేస్తూనే వచ్చారు. 1995లో ఒక నెల తండ్రి పేరిటే పెట్టి, వాడుకోకపోతే పోతుంది అన్నారు. అప్పుడు కదిలారు. 2002లో రెండో నెల, 2016లో మూడో నెల చేర్చారు. ఇప్పుడు మొత్తం 480 రోజులు, అందులో 390 రోజులు జీతంలో సుమారు 80 శాతం, ఒక పరిమితి దాకా. మిగతా 90 రోజులు రోజుకి 180 క్రోనార్లు. ఒక్కొక్కరి పేరిట 90 రోజులు బదిలీకి వీల్లేకుండా ఉంటాయి. తండ్రులు ఇప్పుడు మొత్తం రోజుల్లో సుమారు 30 శాతం తీసుకుంటున్నారు. సగం కాలేదు, కాని సున్నా దగ్గరినుంచి ఇక్కడిదాకా తెచ్చింది ఆ 'పోతుంది' అన్న మాటే.

మా పెద్దమ్మాయి పుట్టినప్పుడు మా ఆయన మేనేజర్ దగ్గరికి భయపడుతూ వెళ్ళాడు. ఆ మేనేజర్ అడిగిన ప్రశ్న 'ఎప్పటినుంచి?' అని మాత్రమే. సెలవు తీసుకుంటావా అని అడగలేదు. తర్వాత పిల్లకి జ్వరం వస్తే ఇద్దరిలో ఎవరైనా ఇంట్లో ఉండవచ్చు, దానికి వేరే భత్యం ఉంది, బిడ్డకి ఏడాదికి 120 రోజుల దాకా. దాన్ని వాబ్ అంటారు, ఆఫీసుల్లో రోజూ వినపడే మాట. ఏడాది నిండాక ప్రీస్కూల్ సీటు కోసం దరఖాస్తు పెడితే నాలుగు నెలల్లో మున్సిపాలిటీ ఇవ్వాలి, ఫీజుకి పరిమితి ఉంది. జర్మనీలోనూ 2013 ఆగస్టు నుంచి ఏడాది నిండిన బిడ్డకి కిటా, అంటే పిల్లల సంరక్షణ కేంద్రంలో సీటు చట్టబద్ధమైన హక్కే. మ్యూనిక్‌లో మాత్రం సీటు దొరకడం గగనం. హక్కు ఉంటే చాలదు, ఉత్తరాలు రాసి వెంటపడాలి. మళ్ళీ నోరు విప్పాల్సింది మీరే.

స్వీడన్‌లో కొత్తగా వచ్చేవాళ్ళు తప్పక తెలుసుకోవాల్సిన షరతు ఒకటుంది. మొదటి 180 రోజులకి జీతం ప్రకారం భత్యం రావాలంటే ప్రసవ తేదీకి ముందు 240 రోజులు పనిలో ఉండి ఉండాలి. లేకపోతే ఆ రోజులకి 250 క్రోనార్లే. ఇండియాలో చేసిన ఉద్యోగం లెక్కలోకి రాదు. కాబట్టి స్టాక్‌హోమ్‌లో చేరిన వెంటనే తొందరపడకండి. ఈ షరతు ఇద్దరికీ విడివిడిగా చూస్తారు కాబట్టి మీ ఆయన కూడా త్వరగా ఉద్యోగంలో చేరడం మంచిది. 2024 జూలై నుంచి తల్లీ తండ్రీ ఒక్కొక్కరు 45 రోజుల దాకా ఇంకొకరికి, ఉదాహరణకి తాతయ్యకో అమ్మమ్మకో ఇవ్వచ్చు. కాని వాళ్ళకి స్వీడన్ సామాజిక బీమా ఉండాలి. విజిటర్ వీసా మీద వచ్చే అమ్మకి అది వర్తించదు.

మిగతా దేశాల గురించి రెండు ముక్కలు. స్పెయిన్ 2021లో తల్లికీ తండ్రికీ 16 వారాలు పూర్తి జీతంతో సమానంగా ఇచ్చింది, బదిలీ కుదరదు, మొదటి ఆరు వారాలు ఇద్దరూ తప్పక తీసుకోవాలి. తర్వాత ఇంకా పెంచింది. తండ్రికి ఇంత సూటిగా న్యాయం చేసిన పెద్ద దేశం ఇంకోటి నాకు కనపడలేదు. ఫ్రాన్స్‌లో 2021 జూలై నుంచి తండ్రికి 28 రోజులు. స్విట్జర్లాండ్‌లో జీతాలు చూసి చాలామంది ఆశపడతారు. అక్కడ ఆడవాళ్ళకి దేశవ్యాప్త ఎన్నికల్లో ఓటు 1971లో వచ్చింది, అపెన్‌జెల్ ఇన్నర్‌రోడెన్ అనే రాష్ట్రంలో స్థానిక ఓటు కోసం 1990లో సుప్రీం కోర్టు చెప్పాల్సి వచ్చింది. బిడ్డ పుడితే సెలవు తల్లికి 14 వారాలు, తండ్రికి రెండు వారాలు. కంపెనీ పాలకమండళ్ళ విషయంలో నార్వే 2003లో 40 శాతం ఆడవాళ్ళు ఉండాలని చట్టం చేసింది. మొదట స్వచ్ఛందంగా చేయమని చూశారు, కంపెనీలు కదల్లేదు. చేయకపోతే కంపెనీనే రద్దు చేస్తామన్నాక 2008కల్లా జరిగిపోయింది.

ఈ కనీస మట్టం బయట ఉన్న రెండు సంగతులు చెప్పకుండా ఉండలేను. మొదటిది గర్భం. కర్ణాటకలోని బెళగావి నుంచి వెళ్ళి ఐర్లండ్‌లో దంతవైద్యురాలిగా ఉన్న సవితా హలప్పనవర్ 2012 అక్టోబర్ 28న గాల్వేలో చనిపోయింది. 17 వారాల గర్భం నిలవదని తెలిశాక గర్భస్రావం చేయమని అడిగితే చేయలేదు, ఇన్‌ఫెక్షన్ ఒళ్ళంతా పాకింది. అప్పుడు మేం జర్మనీలో ఉన్నాం, ఆ వార్త విని నాకు రాత్రి నిద్ర పట్టలేదు. 2018 మేలో ఐర్లండ్ ప్రజలు 66.4 శాతం ఓట్లతో రాజ్యాంగంలోని ఆ నిషేధాన్ని తీసేశారు. ఫ్రాన్స్ 2024 మార్చిలో గర్భస్రావ స్వేచ్ఛని రాజ్యాంగంలోనే పెట్టింది. పోలండ్‌లో 2020లో రాజ్యాంగ న్యాయస్థానం ఉన్న దారిని దాదాపు మూసేసింది. జర్మనీలో 12 వారాల్లోపు, సలహా కేంద్రానికి వెళ్ళి వచ్చాక చేయించుకుంటే శిక్ష ఉండదు, కాని నేరాల చట్టంలో ఇంకా ఉంది. బిడ్డని కోరుకుని కనేవాళ్ళకి ఇదంతా ఎందుకు అనుకోకండి. సవిత కూడా ఆ బిడ్డని కోరుకునే మోసింది.

రెండోది వీసా. మ్యూనిక్ అయితే మీరు ఆయన భార్యగా వస్తారు. మొదటి రోజునుంచీ ఉద్యోగం చేసే హక్కు ఉంటుంది, అది మంచిదే. కాని మీ నివాస హక్కు ఆ పెళ్ళికి ముడిపడి ఉంటుంది. జర్మనీలో కలిసి కాపురం చేసి మూడేళ్ళు నిండితే గాని విడిపోయినా ఉండే సొంత హక్కు రాదు. గృహహింస లాంటి తీవ్రమైన కష్టం ఉంటే మూడేళ్ళ షరతు పెట్టరు. ఈ మినహాయింపు తెలియక, వెనక్కి పంపేస్తారన్న భయంతో దెబ్బలు భరించిన వాళ్ళని నేను చూశాను. స్టాక్‌హోమ్ అయితే మీ ఆయన మీ మీద ఆధారపడి వస్తారు, అక్కడి నిబంధనలు ఆయన ముందే చదువుకోవాలి. మీకు ఇలాంటి అవసరం ఎప్పటికీ రాకూడదు. అయినా ఉద్యోగం దొరకగానే మీ పేరున బ్లూ కార్డు, అంటే చదువుకున్న విదేశీ ఉద్యోగులకిచ్చే నివాస అనుమతి, తీసుకోండి. మీకు తెలిసిన ఏ అమ్మాయికైనా కష్టం వస్తే జర్మనీలో 116 016కి ఫోన్ చేయమనండి. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఇంగ్లిష్‌లో మాట్లాడవచ్చు.

రెండు ఆఫర్లలో ఏది ఎంచుకోవాలో కూడా సూటిగా చెబుతాను. రెండేళ్ళలో బిడ్డ అంటే నేనైతే స్టాక్‌హోమ్ ఆఫర్ తీసుకుంటాను. అక్కడ వీసా మీ పేరు మీద, పన్ను మీ జీతానికే, ఆయన సెలవు ఆయన పేరు మీద, బిడ్డకి ప్రీస్కూల్ సీటు మున్సిపాలిటీ బాధ్యత. మ్యూనిక్‌లోనూ ఇవన్నీ సాధించుకోవచ్చు, నేను సాధించుకున్నాను, కాని ప్రతిదీ తెలుసుకుని, అడిగి, గడువు చూసుకుని తెచ్చుకోవాలి.

ఇక మీ ఆయన సెలవు గురించి. మ్యూనిక్‌కే వస్తే, జర్మనీలో తల్లికీ తండ్రికీ ఒక్కొక్కరికి మూడేళ్ళ దాకా ఉద్యోగం పోకుండా సెలవు హక్కు ఉంది, మేనేజర్ కాదనలేడు. ముఖం మాడ్చుకునేవాళ్ళు ఉంటారు, అది నిజం. అందుకే తేదీ జాగ్రత్తగా చూసుకోవాలి. సెలవు మొదలవడానికి కనీసం ఏడు వారాల ముందు దరఖాస్తు ఇవ్వాలి. ఉద్యోగంలోంచి తీయకుండా కాపాడే రక్షణ దరఖాస్తు ఇచ్చిన రోజునుంచి వస్తుంది, కాని ఎంత ముందు ఇచ్చినా సెలవుకి ఎనిమిది వారాల ముందు మాత్రమే మొదలవుతుంది. ఉత్సాహం కొద్దీ నాలుగు నెలల ముందే లిఖితంగా ఇస్తే మధ్యలో రక్షణ లేని రోజులు మిగులుతాయి. ఎనిమిదో వారానికీ ఏడో వారానికీ మధ్య ఇవ్వమనండి. 2025 మే 1 నుంచి పుట్టే పిల్లలకి ఈమెయిల్ చాలు, అందిందని జవాబు తెప్పించుకుని దాచుకోమనండి.